అమరంలో ఇసుక మూట

నన్ను అడగలేదు. ముందు ఆ మాట చెప్పేస్తేగానీ నా కడుపుమంట చల్లారదు. మోటారు కొనేటప్పుడు అడిగారు, ఎందుకంటే అందులో సగం నా డబ్బు. దానికి పసుపు కుంకుమ పెట్టేటప్పుడు పిలిచారు, ఎందుకంటే ఆ పని ఆడవాళ్ళదేనట. తీరా దాన్ని తెచ్చి నా చోటు పక్కన బిగించి, నా చోట్లో ఇంకొకణ్ణి కూర్చోబెట్టేటప్పుడు మాత్రం మస్తానమ్మ అనే మనిషి ఒకతి ఉందని ఎవరికీ గుర్తు రాలేదు.

చిట్టమూరు అవతల, పులికాట్ నీళ్ళ ఒడ్డున మా ఊరు. పెళ్ళయిన ఏడాదే నేను పడవెక్కాను. మా ఆయన కామాక్షయ్య ముందు నిలబడి వల వేస్తాడు. నేను వెనక కూర్చుని చుక్కాని పడతాను. తెరచాప తాడు కూడా నా చేతిలోనే ఉంటుంది. పడవ వెనక భాగాన్ని మేం అమరం అంటాం. అక్కడ అడ్డంగా ఒక పలక ఉంది, ఒక్క మనిషికే సరిపోతుంది. ఇన్నేళ్ళూ నేను కూర్చుని కూర్చుని ఆ పలక నున్నగా అరిగిపోయింది. ఈ లోకంలో ఇది నాది అని నేను చెప్పుకోగలిగిన చోటు అదొక్కటే. వంటిల్లు నీది కాదా అని అడుగుతారేమో. వంటిల్లు ఎవరికి కావాలండీ, కావాలంటే మీరే తీసుకోండి.

చుక్కాని పట్టిన మనిషికి మా దగ్గర వాటా ఉంటుంది. పడవ ఒడ్డుకు రాగానే రొయ్యల్నీ చేపల్నీ ఇసుక మీద సమానంగా కుప్పలు పోస్తారు. పడవకొక కుప్ప, వలకొక కుప్ప, ఎక్కిన మనుషులకు తలా ఒక కుప్ప. నా కుప్పను నా గంపలోకి ఎత్తుకుని నేనే నాయుడుపేట తీసుకుపోయి అమ్ముకుంటాను. ఆ డబ్బు ఏం చేశావని మా ఆయన ఏనాడూ అడగలేదు, అడిగితే నేను చెప్పేదాన్నీ కాదు.

మోటారు కొందామన్నది కూడా నేనే. ఇది బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఊళ్ళో కొందరు మస్తానమ్మకు మోటారంటే పడదు, పాతకాలం మనిషి అని పుకారు పుట్టించారు. వాళ్ళ నోట్లో మన్ను పడ! గాలి పడిపోయిన రోజు నడినీళ్ళలో తెరచాప వేలాడిపోతే, గెడ వేసుకుంటూ ఒడ్డుదాకా వచ్చేది ఎవరు? నా కుడిభుజం అడిగి చూడండి, అది చెబుతుంది. గాలి ఉన్నప్పుడు చాప, లేనప్పుడు మోటారు, హాయిగా ఉంటుంది అని నేనే పోరు పెట్టాను. మా ఆయన, ఆయన మేనల్లుడు ముఖేష్ కలిసి పోయి, ఆటోలో వేసుకుని తెచ్చారు. గోనెపట్టా తీయగానే నేను దాని నెత్తిన చెయ్యి వేసి నిమిరాను. నా భుజానికి మందు వచ్చిందనుకున్నాను. నా అంత పిచ్చిది ఉంటుందా?

మా పడవ ముందెలా కొసగా ఉంటుందో వెనకా అలాగే కొసగా ఉంటుంది. మోటారు తగిలించడానికి చదునైన చోటు లేదు. అందుకని కొసకు అడ్డంగా దుంగలు బిగించి, వాటికి మందపాటి పలక నిలబెట్టాలి. ఆ పనికి బాజీని పిలిపించాం. బాజీ వాళ్ళ నాన్న చేసిన పడవే మాది. బాజీ పని తీరు ఒకటుంది. పడవను ఇసుక మీద పెట్టి కొలత తీయడు. పడవ నీళ్ళల్లో ఉండాలి, రోజూ ఎక్కే మనుషులు ఎక్కి కూర్చోవాలి, వల తడిపి లోపల వేయాలి. అప్పుడు వెనక నడుములోతు నీళ్ళల్లో నిలబడి, నీళ్ళు పడవను ఎక్కడ తాకుతున్నాయో అక్కడ మేకుతో గీత గీస్తాడు.

"ఇవి లోతు లేని నీళ్ళు మస్తానమ్మక్కా," అన్నాడు. "మోటారు అడుగున తిరిగే ఫ్యాను కిందికి దిగితే బురద తవ్వతాది. పైకి తేలితే గాలి మింగతాది. మధ్యన సందు రెండు వేళ్ళే. అందుకే కదలబాకు, రోజూ ఎట్టా కూర్చుంటావో అట్టా కూర్చో."

నేను నా పలక మీద కూర్చున్నాను. మా ఆయన ముందు నిలబడ్డాడు. నేను బరువైన మనిషినే, దాచుకోవడానికి ఏముంది. నేను కూర్చుంటే అమరం కొంచెం కిందికి దిగుతుంది, పడవ నిదానంగా నిలబడుతుంది. బాజీ గీత గీశాడు, నా చెయ్యి చాపించి, మోటారు తిప్పే పిడి ఎక్కడికి వస్తే నాకు అందుతుందో అది కూడా చూశాడు. మా ఆయన ఇదంతా కళ్ళారా చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. అప్పటికే ఆయన మనసులో అంతా నిశ్చయం అయిపోయి ఉందని నాకేం తెలుసు? కొలతకు నా ఒళ్ళు కావాలి, కూర్చోబెట్టుకున్నాడు, అంతే.

మర్నాడు పొద్దున బాజీ పలక బిగించాడు. ముఖేష్ మోటారు ఎత్తి తగిలించి మరలు తిప్పాడు. నేను తలస్నానం చేసి వచ్చి మోటారుకు పసుపు పూసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాను. ఊరు సగం ఒడ్డునే ఉంది. ముఖేష్ స్నేహితులు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. నేను చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని నీళ్ళల్లోకి దిగాను. ఒక కాలు పడవలో పెట్టాను.

"ఏమే, యాడికి?" అన్నాడు మా ఆయన.

"యాడికేంది? పడవలోకి."

"నువ్వెందుకింక? ముఖేష్ కూర్చుంటాడు. మోటారు వచ్చింది గదా, నువ్వు ఇంటికాడ సుఖంగా ఉండు."

ఒక కాలు పడవలో, ఒక కాలు నీళ్ళల్లో. నా చెవులు నాకే అబద్ధం చెబుతున్నాయేమో అనుకున్నాను.

"నిన్న కొలతకు నన్నెందుకు కూర్చోబెట్టినావయ్యా?"

"కొలతకు ఎవురైతే ఏంది? ఎప్పుడూ కూర్చుంటావు గదా, కూర్చున్నావు."

"అట్టయితే మోటారు కూడా నేనే తిప్పతా. బాజీ పిడి నా చేతికే పెట్టినాడు."

ఆయన ఒడ్డు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఆడమనిషి మోటారు తిప్పతా పోతుంటే పక్కూరోళ్ళు నవ్వరా? నా పరువేం కావాల?"

"ఇన్నేళ్ళు చుక్కాని తిప్పినప్పుడు లేని నవ్వు ఇప్పుడు యాణ్ణించి వస్తుందయ్యా? చుక్కాని పరువు తీయదు, మోటారు తీస్తుందా?"

"మాటకు మాట చెప్పబాకు. దిగు," అని ఒడ్డు వైపు చెయ్యి చూపించాడు.

నేను దిగలేదు. నిలబడే అడిగాను. "మరి నా వాటా?"

"వాటా మోటారుకు ఒకటి తీయాల గదా మే. ముఖేష్‌కు ఒకటి. ఇంకా నీకు కూడా అంటే ఏం మిగలతాది? మోటారు వాటా మనింటికే గదా వచ్చేది."

మనింటికే! అంటే ఆయన చేతికి. నా డబ్బుతో కొన్న ఇనుప ముక్క నా కుప్ప తినేస్తుందన్నమాట, నేను ఇంట్లో కూర్చుని దానికి హారతి పట్టాలన్నమాట. ఒడ్డు మీద ఎవరో కిసుక్కున నవ్వారు. నా ముఖం మండిపోయింది. ఏడుపు వచ్చింది, అది వాళ్ళకు కనపడకూడదని వెనక్కి తిరిగి నీళ్ళల్లో నడుచుకుంటూ ఒడ్డెక్కాను. తడిసిన చీర కాళ్ళకు చుట్టుకుంటూంటే ఆ నాలుగడుగులూ నాలుగు కోసులయ్యాయి.

ముఖేష్ మంచివాడే, వాడి మీద నాకు కోపం లేదు. కానీ వాడు ఒట్టి పుల్ల. గట్టిగా గాలి వీస్తే చొక్కాతో సహా ఎగిరిపోయేలా ఉంటాడు. వాడు వెళ్ళి నా పలక మీద కూర్చున్నాడు. మోటారు తాడు లాగాడు. మోటారు పలికింది. అందరూ ఈలలు వేశారు. పడవ కొంచెం ముందుకు పోగానే మోటారు ఒక్కసారిగా గొంతు చించుకుని అరవడం మొదలుపెట్టింది. పడవ కదలదు, అరుపు ఆగదు. మోటారు వేడెక్కకుండా దాని పక్కన బొక్కలోంచి చిమ్మాల్సిన నీళ్ళు చిమ్మడం లేదు. ముఖేష్ హడలిపోయి ఆపేశాడు. మళ్ళీ లాగాడు, మళ్ళీ అదే అరుపు.

"మోటారులో లోపం ఉంది," అన్నాడొకడు.

"బాజీ పలక సరిగ్గా బిగించలా," అన్నాడు ఇంకొకడు.

ఆ తర్వాత మా ఆయన ఏమన్నాడో వినండి. "బయలుదేరేముందు అది మొహం మాడ్చుకోని పోయింది గదా, దిష్టి తగిలినట్టుంది."

నా దిష్టి! నా చేత్తో బొట్టు పెట్టిన మోటారుకు నా దిష్టే తగిలిందట. ముఖేష్ పరుగెత్తుకుని పోయి గూడూరు నిమ్మకాయలు, పచ్చిమిరపకాయలు దారానికి గుచ్చి తెచ్చి మోటారు మెడకు కట్టాడు. కట్టిన తర్వాత అది ఇంకా గట్టిగా అరిచింది. నేను అప్పటికే ఒడ్డు పక్కనున్న మా ఇల్లు చేరి, గడపలోంచి వింటూ, అరువు, ఇంకా అరువు, ఊరంతా వినపడేలా అరువు అనుకున్నాను. అవును, అనుకున్నాను. ఎందుకు అనుకోకూడదు?

బాజీ తన సామాను సంచి భుజాన వేసుకుని బయలుదేరబోతూ ఈ గొడవ విని వెనక్కి వచ్చాడు. నీళ్ళల్లోకి దిగి వెనక నుంచి ఒక్కసారి చూశాడు. అతనికీ కోపం తక్కువేం కాదు.

"కామాక్షన్నా, మోటారు బాగుంది. నా పలకా బాగుంది. నేను గీత గీసింది మస్తానమ్మక్క బరువుకు. ఈ అబ్బాయి కూర్చుంటే అమరం పైకి లేస్తుండాది, ఫ్యాను నీళ్ళల్లో కాదు, గాల్లో తిరగతా ఉండాది. దానికి నిమ్మకాయ కడితే ఏం లాభం?"

"అయితే పలక కిందికి దించు."

"దించితే పలకకు మళ్ళీ బొక్కలు వెయ్యాల, చీలిపోతాది. నేను చెయ్యను. కొలత ఇచ్చిన మనిషిని కూర్చోబెట్టు, పని అయిపోతాది. ఇష్టం లేకపోతే ఇంకో వడ్రంగిని చూసుకో." సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

నేను లోపల కుండలు సర్దుతున్నట్టు నటిస్తూ అంతా విన్నాను. ఇక వచ్చి పిలుస్తాడు, పిలవక ఏం చేస్తాడు అనుకున్నాను. పిలవగానే పోకూడదు, కాసేపు బతిమాలించుకోవాలి అని కూడా అనుకున్నాను. చూశారా, నా ఆశ! ఆ రాత్రి ఆయన అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పడుకున్నాడు.

పొద్దున లేచాక మెల్లగా అడిగాడు. "ఇంట్లో ఖాళీ గోతాలు ఏమైనా ఉండాయా?"

"ఎందుకు?"

"పని ఉండాది."

రొయ్యలకేమో అనుకుని రెండు బియ్యం గోతాలు దులిపి ఇచ్చాను. కాసేపటికి ముఖేష్ ఒక గోతంలో మరో గోతం తొడిగి, నిండుగా నింపుకుని, ఈడ్చుకుంటూ వాకిట్లోకి తెచ్చాడు. మూతి విచ్చుకుపోతోంది, కుట్టి పెట్టు అత్తా అన్నాడు. దబ్బనం, పురికొస తీసుకుని గట్టిగా కుట్టాను. లోపలేముందిరా అంటే, "ఏం లేదత్తా, ఇసుక," అని తల దించుకున్నాడు. వాడు తల ఎందుకు దించుకున్నాడో నాకు అప్పుడు తోచలేదు.

మధ్యాహ్నం పడవ తిరిగి వస్తోందని పిల్లకాయలు అరిస్తే ఒడ్డుకు పోయాను. మోటారు ఎంత చక్కగా పలుకుతోందంటే, కడుపు నిండిన పిల్లి గురగురలాడినట్టుంది. పక్కన బొక్కలోంచి నీళ్ళు ధారగా చిమ్ముతున్నాయి. ముఖేష్ అమరంలో ఒక అంచుకు ఒదిగి, ఒంటి చేత్తో పిడి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా పలక మీద, నా చోట్లో, నేను కుట్టిన మూతితో, ఇసుక మూట కూర్చుని ఉంది.

మీరే చెప్పండి. మేనల్లుణ్ణి కూర్చోబెడితే, పోనీలే, వాడూ మనిషేగా అని సర్దుకున్నాను. ఇసుక మూటనా? నాకు బదులు? కట్టుకున్న పెండ్లాం బరువు కావాలి, మనిషి అక్కర్లేదు! అది కూడా నా చేతే గోతం ఇప్పించుకుని, నా చేతే కుట్టించుకుని! ఒకటి మాత్రం ఒప్పుకోవాలి, ఆ మూట బాగానే పనిచేసింది. పడవ మునగలేదు, ఒరగలేదు, వల చిరగలేదు, రొయ్యలు కూడా దండిగా పడ్డాయి. అదే నన్ను ఎక్కువ కాల్చింది. ఏదైనా పాడై ఉంటే నాలుగు మాటలు అని ఊరుకునేదాన్నేమో.

రొయ్యల్ని ఇసుక మీద పరిచిన పట్టా మీద పోశారు. ఐదు కుప్పలు పెట్టారు. మా ఊళ్ళో కుప్పలు పంచేది చెంచులక్ష్మవ్వ. ఆమెకు ఏ పడవతోనూ లావాదేవీ లేదు, అందుకే ఆమె. పంచే పద్ధతి కూడా చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. అవ్వ కుప్పలకు వీపు తిప్పి కూర్చుంటుంది. ఎవరెవరికి వాటాలో ముందే ఆమెకు చెబుతారు. పడవ యజమాని కర్రతో ఒక్కొక్క కుప్పనూ తాకి ఎవరిదని అడుగుతాడు. ఆమె చూడకుండా నోటికొచ్చిన పేరు చెబుతుంది. పెద్ద కుప్ప నాకు, చిన్న కుప్ప నీకు అనే తగాదా ఉండదు. వీపు తిప్పి పలికిన పేరును మళ్ళీ మార్చకూడదు, ఆ కుప్పను పేరున్న మనిషి తప్ప ఇంకెవరూ ముట్టకూడదు. మా తాతల నాటి నుంచీ ఎవరూ ముట్టలేదు.

"పడవ, వల, మోటారు, ముఖేష్, నేను," అని చెప్పాడు మా ఆయన. అవ్వ తల ఊపి తిరిగి కూర్చుంది.

"ఇది ఎవురిది?"

"వలది."

"ఇది?"

"మోటారుది."

"ఇది?"

"ముఖేష్‌ది."

"ఇది?"

"మస్తానమ్మది."

కర్ర ఆగిపోయింది. అవ్వ అలవాటు కొద్దీ అన్నదో, కావాలనే అన్నదో నేను ఇప్పటికీ అడగలేదు.

"అవ్వా, ఆమె పడవెక్కలేదు," అన్నాడు మా ఆయన.

"నేనేం చూసినానా నాయనా? వీపు తిప్పుకోని ఉండా. అమరంలో కూర్చునేది మస్తానమ్మే గదా. పలికినాను, అయిపాయ. మిగిలింది పడవది." కొంగు దులుపుకుని లేచింది.

కుప్పలు ఐదు, పేర్లు ఐదు. అందులో కామాక్షయ్య పేరు లేదు. పడవ కుప్ప, వల కుప్ప, మోటారు కుప్ప ఆయన ఇంటికే పోతాయి, నిజమే. కానీ పొద్దుటి నుంచి నీళ్ళల్లో నిలబడి వల లాగిన మనిషిగా ఆయనకు వాటా లేదు. "ఏం కామాక్షయ్యా, ఈరోజు నువ్వు పడవెక్కలేదా?" అని ఎవరో అననే అన్నారు. ఈసారి నవ్వు కిసుక్కుమని కాదు, గట్టిగానే వచ్చింది.

ఆయన ముఖం చూశాను. నిన్న నా ముఖం ఎలా మండిందో ఈరోజు ఆయనది అలా మండింది. జాలి కలిగిందా అంటే, కొంచెం కలిగింది. అయినా నోరు మూసుకోలేదు.

"ఆ కుప్ప నాకొద్దు," అన్నాను. "నేను ఎక్కలేదు. ఎక్కని పడవలో వాటా తినే రకం కాదు నేను. అమరంలో కూర్చున్నది ఎవురో అందరూ చూసినారు గదా, వాళ్ళకే ఇచ్చుకోండి."

గబగబా నీళ్ళల్లోకి నడిచి, ఆ మూటను రెండు చేతులా పట్టి పడవలోంచి కిందికి లాగాను. నీళ్ళు తాగి అది నాకంటే బరువైంది. భుజం కలుక్కుమంది, లెక్క చేయలేదు. ఈడ్చుకొచ్చి నాలుగో కుప్ప పక్కన పడేశాను.

"ఇదో, ఈమే కూర్చున్నది. మాటకు మాట చెప్పదు. పరువు తీయదు. వాటా అడగదు. ఇంతకంటే మంచి పెండ్లాం నీకు యాడ దొరకతాది కామాక్షయ్యా? ఇంటికి తీసకపో. సాయంత్రం అన్నం కూడా వండి పెడతాదేమో చూడు!"

మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఎలా వచ్చిందో వచ్చేసింది. నేను వెళ్ళి పడవ నీడలో కూర్చున్నాను.

మిగతా కుప్పలు ఎవరివి వాళ్ళు ఎత్తుకున్నారు. నా కుప్ప అక్కడే ఉంది. పెద్ద రొయ్యలు, మంచి కుప్ప. ఎండ నెత్తి మీద ఉంది. నేను తీసుకోను. ఇంకెవరూ తీసుకోకూడదు. ఐసు ఆటోవాడు హారను కొట్టి కొట్టి, ఈ కుప్ప సంగతేంటని అడిగి, ఎవరూ పలక్కపోతే వెళ్ళిపోయాడు. కాకులు వచ్చాయి. మా ఆయన తువ్వాలు ఊపి తోలాడు. అవి ఎగిరి మళ్ళీ వాలాయి. ఆయన మళ్ళీ తోలాడు. నా కుప్పను కాకులు కూడా ముట్టకూడదని కాపలా కాస్తున్న ఆ మనిషిని చూస్తూంటే నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఆ తువ్వాలు పట్టిన చెయ్యి నిన్న నన్ను దిగమని చూపించిన చెయ్యేగా.

"తీసుకోవే," అన్నాడు దగ్గరికొచ్చి. "చెడిపోతాయి."

"చెడిపోనీ."

"వొళ్ళు హూనం చేసుకోని పట్టిన రొయ్యలే అవి."

"నీ వొళ్ళు ఒక్కరోజు హూనమయినందుకే ఇట్టా ఉంటే, ఇన్నేళ్ళు నా వొళ్ళు హూనం చేసుకున్న చోటు నాది కాదంటివే, నాకెట్టా ఉండాల?"

కాకి ఒకటి రొయ్యను ముక్కున కరుచుకుని ఎగిరింది. ముఖేష్ అప్పుడు నోరు తెరిచాడు. "మామా, అత్తనే కూర్చోనీ. ఆ మూట పక్కన నిలబడి నిలబడి నా నడుం పోయింది. నేను ముందుకొచ్చి నీతో వల లాగతా."

"నువ్వుండరా," అన్నాడు మా ఆయన. కానీ ఆ కసురులో బలం లేదు. కాసేపు మూట వైపు చూశాడు, కుప్ప వైపు చూశాడు, ఒడ్డు మీద నిలబడి చూస్తున్న ఊరిని చూశాడు. తర్వాత మొలలోంచి చాకు తీసి మూట దగ్గర కూర్చున్నాడు. నేను కుట్టిన కుట్టు గట్టిది, తెగడానికి చాలాసేపు పట్టింది. గోతాన్ని తలకిందులు చేసి, తడి ఇసుకంతా కుమ్మరించాడు. లోపలి గోతం, పై గోతం రెండూ దులిపి, మడిచి, తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు.

"రేపు గాలి ఉండదంట," అన్నాడు ముఖం పక్కకు తిప్పుకుని. "మోటారు మీదే పోవాల. పొద్దున్నే రా."

తప్పయిపోయింది అనలేదు. ఆ మాట ఆయన నోట వినాలంటే ఇంకో జన్మ ఎత్తాలి. అయినా నేను లేచి, నా గంప తెచ్చుకుని, నా కుప్ప ఎత్తుకున్నాను. ఆ రొయ్యలు మాత్రం అమ్మలేదు. ఆ పూటకు మనిషిగా వాటా లేకుండా పోయినవాడు మా ఇంట్లో ఒకడున్నాడుగా, వేపుడు చేసి వాడి ముందే పెట్టాను. తలెత్తకుండా తిన్నాడు.

మర్నాడు మళ్ళీ ఊరు సగం ఒడ్డున ఉంది. మళ్ళీ ఫోన్లు పైకెత్తారు. తీసుకోండి, బాగా తీసుకోండి అనుకుంటూ పడవెక్కి నా పలక మీద కూర్చున్నాను. అమరం కొంచెం కిందికి దిగింది. బాజీ గీసిన గీత సరిగ్గా నీళ్ళను తాకింది. పిడి నా చేతి కిందికి వచ్చి కూర్చుంది. మోటారు మెడకు వాడిపోయి వేలాడుతున్న నిమ్మకాయల దండ తెంపి నీళ్ళల్లో పారేశాను. ఎడం చేత్తో తాడు లాగాను, మొదటిసారి పలకలేదు, ఒడ్డు మీద ఎవడో దగ్గాడు. రెండోసారికి పలికింది. బొక్కలోంచి నీళ్ళు ధారగా చిమ్మాయి.

కాలవ దాటి పెద్ద నీళ్ళల్లోకి వచ్చాం. ముఖేష్ ముందు కూర్చుని వల విడదీస్తున్నాడు. మా ఆయన నిలబడి కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు. ఇన్నేళ్ళూ చెయ్యి చాపి అటు పోనీ, ఇటు పోనీ అని చూపించేవాడు. చాపినవైపు నేను తిప్పేదాన్ని. ఈరోజు చెయ్యి చాపలేదు. వెనక్కి తిరిగాడు.

"ఎటు పోదామే?" అన్నాడు.

వినపడింది. స్పష్టంగా వినపడింది. అయినా మోటారు చప్పుడులో వినపడనట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, మళ్ళీ అడిగించుకున్నాను.